సణుగుతూ వేసిన ముద్ర

ప్రతి పొద్దున్నా కుర్చీలాయన ముందురోజు అల్లి ముగించిన కుర్చీలో తనే మొదట కూర్చునేవాడు. వీపు ఆనించి, కాస్త అటూ ఇటూ కదిలి, ఎక్కడా కిర్రుమనడం లేదని తేల్చుకున్నాక చేతులు జోడించేవాడు. "దేవుడా, ఇందులో కూర్చునేవాళ్ళకి నడుం నొప్పి రానీకు" అనేవాడు. ఆ తర్వాతే బకెట్లో నానేసిన పేము పట్టీలు తడిమి చూసుకుని, కొత్త కుర్చీ ముందుకు లాక్కునేవాడు.

మా రెండు కొట్లకీ నడుమ ఉన్నది ఒక్క చెక్క గోడ. నా కుట్టుమిషన్ చప్పుడు ఆయనకీ, ఆయన ప్రార్థన నాకూ వినబడేవి. ఆ ప్రార్థన అయ్యేదాకా నేను మిషన్ తొక్కేదాన్ని కాదు. ఒకరి కోసం ఒకరు దేవుణ్ణి అడిగేటప్పుడు మధ్యలో చప్పుడు చేయకూడదని మా బడిలో పంతులమ్మ చెప్పింది.

ఆయనకు చూపు లేదు. పుట్టుకతో కాదు, పెళ్ళయిన కొత్తలో పోయింది. ఆ రోజుల్లో ఆసుపత్రిలో ఒక నర్సు రోజూ ఆయన కళ్ళలో మందు చుక్కలు వేసేది. వేసేముందు "ఇప్పుడు చల్లగా తగులుతుంది నాయనా, ఉలిక్కిపడకు" అని చెప్పి మరీ వేసేదట. కళ్ళు దక్కలేదు గానీ ఆ మాట దక్కిందని ఆయన నవ్వుతూ అనేవాడు. ఆ నర్సమ్మ ఉద్యోగం మానుకున్నాక ప్రతి ఎన్నికలోనూ నిలబడేది, ప్రతిసారీ ఓడిపోయేది. గెలిచేది కలప అడితి యజమాని. ఊళ్ళో సగం ఇళ్ళకు తిండి ఆ అడితి నుంచే వస్తుంది మరి.

కుర్చీలాయన ఓటు ఎప్పుడూ నర్సమ్మకే. ఆయన భార్యను నేను వదినా అనేదాన్ని. ఆవిడ ఓటు అడితి యజమానికి, ఎందుకంటే ఆవిడ తమ్ముడికి అక్కడ పని. చూపు లేనివాళ్ళ వెంట ఇంటిమనిషి ఒకరు తెరచాటుకు వెళ్ళొచ్చు కాబట్టి, ఆయన ఓటు వేయించేది కూడా ఆవిడే. కాగితం మీద నర్సమ్మ గడి, యజమాని గడి పక్కపక్కనే. ముద్ర ఆయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి పట్టుకుని గడి మీదికి తీసుకెళ్ళేది. దారి పొడుగునా సణుగుడే.

"మళ్ళీ ఆవిడకేనా? డిపాజిట్టు కూడా రాదు."

"డిపాజిట్టు కట్టింది నువ్వా? చెయ్యి సరిగ్గా పట్టుకో."

"పట్టుకున్నాలే. చేజేతులా చెత్తబుట్టలో వేస్తున్నా. ఊఁ, ఒత్తు. గట్టిగా ఒత్తు, నీ నర్సమ్మ కంటికి ఆనాలిగా."

"అమ్మా, లోపల మాటలు వద్దు" అని అధికారి అవతలి నుంచి గదమాయించేవాడట. ఆ వెంటనే ఆవిడ తన కాగితం తీసుకుని యజమానికి ముద్ర వేసి వచ్చేది. ఇద్దరూ మా కొట్టు ముందు నుంచే తిరిగొచ్చేవారు.

"నీదీ నాదీ చెల్లుకు చెల్లు. ఇంట్లో పడుకున్నా ఇంతే" అనేది వదిన.

"అయితే వచ్చేసారి పడుకో."

"నేను పడుకుంటే నీదొక్కటే పడుతుంది. అంత వెర్రిదాన్నా?"

వదిన జ్వరంతో పోయింది. దేవుడి లెక్కలు మనకు తెలియవు. అక్క పోయిన తర్వాత తమ్ముడు ఆయన్ని తన ఇంటికి తీసుకెళ్ళాడు. చెడ్డవాడు కాదు. పొద్దున్న కొట్టు దగ్గర దింపేవాడు, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. అతని భార్య పంపే క్యారేజీలో కూర ఎప్పుడూ వేడిగా ఉండేది. ఇవన్నీ నేను కళ్ళారా చూశాను, కాబట్టి చెప్పకపోతే పాపం.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికప్పుడు కుర్చీలాయన ముందు నన్నే అడిగాడు. "చెల్లెమ్మా, నాతో లోపలికి రాగలవా?" వస్తానన్నాను. కానీ మా అమ్మకు చేతులు వణుకుతాయి. ముద్ర నిలబడదు. ఆవిడతో నేను వెళ్ళక తప్పదు. బడి వరండాలో ఉన్న అధికారి మమ్మల్ని ముగ్గురినీ చూసి, కుర్చీలాయనకు తన కుర్చీ జరిపి ఇచ్చాడు. మర్యాదస్తుడే. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఒక మనిషి ఒకరికే తోడు వెళ్ళాలమ్మా. ఇద్దరి తరఫునా వెళ్ళకూడదు. కావాలంటే ఆయన నాకు చెప్తే నేనే వేస్తాను."

అధికారికి చెప్పాలంటే పైకి చెప్పాలి. ఓటు వేసే గదిలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో యజమాని ఏజెంటుగా అడితి గుమస్తా కూడా ఉన్నాడు. మాట వినబడితే సాయంత్రానికి బామ్మర్ది పని ఏమవుతుందో అందరికీ తెలుసు. కుర్చీలాయన వద్దని చెయ్యి ఊపాడు. అంతలో బామ్మర్ది వచ్చాడు. "నేనున్నానుగా బావా, పద" అని రెక్క పట్టుకున్నాడు.

నేను అమ్మతో బయటికొచ్చేసరికి వాళ్ళిద్దరూ వీధిలో ముందు నడుస్తున్నారు. బామ్మర్ది బావ భుజం చుట్టూ చెయ్యి వేశాడు. టీ కొట్టు దగ్గర ఆపి, గ్లాసు తన చొక్కా అంచుతో తుడిచి మరీ చేతికిచ్చాడు. "బావా, గుంట ఉంది, కాలు ఎత్తి వెయ్యి" అన్నాడు. కుర్చీలాయన కాలు ఎత్తి వేశాడు. నేను కిందికి చూశాను. అక్కడ గుంట లేదు.

మర్నాడు పొద్దున్న గోడ అవతల ప్రార్థన వినబడలేదు. వెళ్ళి చూస్తే, అల్లిన కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైందన్నయ్యా?"

"ఏం లేదమ్మా. నిన్న వాడు సణగలేదు."

నాకు అర్థం కాలేదు.

"నర్సమ్మకి అని చెవిలో చెప్పాను. సరే బావా అన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. ఒత్తించాడు. ఒక్క మాట లేదు. వాడికిష్టం లేని ఓటు వేయిస్తూ అంత నెమ్మదిగా ఎలా ఉంటాడు? మీ వదినైతే నన్ను తినేసేది." పేము పట్టీని వేలికి చుట్టుకున్నాడు. "ఆ వీధిలో గుంట లేదని నా కాళ్ళకి తెలుసు. అయినా ఎత్తాను. వాడు అంత ప్రేమగా చెప్తుంటే ఎలా కాదంటాను?"

"అడగలేకపోయావా?"

"రాత్రి అన్నం దగ్గర అడిగాను. నువ్వు చెప్పిన చోటే బావా అన్నాడు. నేను ఇంకా పూర్తిగా అడగనే లేదు, జవాబు వచ్చేసింది. రెండోసారి అడగడానికి నోట్లో వాడి అన్నమే ఉంది."

తర్వాత తెలిసింది నాకు. ఎన్నికకు ముందు అడితిలో యజమాని ఒక్కొక్కరినే పిలిచి, మీ ఇంట్లో ఎన్ని ఓట్లు అని అడిగాడట. బెదిరించలేదు. అందరికీ తలా ఒక సోడా ఇప్పించాడు కూడా. బామ్మర్ది తనదీ, భార్యదీ చెప్పి, బావది కూడా కలిపి చెప్పాడు. యజమానికి ఇచ్చిన మాట తప్పితే భయం. కుర్చీలాయనకు ఇచ్చిన మాటకు అలాంటి భయమేమీ లేదు.

యజమాని బోలెడు ఓట్లతో గెలిచాడు. బాజాలు మా వీధిలోంచే వెళ్ళాయి. కుర్చీ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకాయన, "నీ ఒక్క ఓటుతో ఆవిడ గెలిచేదా, వదిలెయ్యవయ్యా" అన్నాడు.

"గెలవదనే వేస్తున్నాను బాబూ ఇన్నేళ్ళుగా" అన్నాడు కుర్చీలాయన. "ఆవిడ చుక్క వేసేముందు చెప్పి వేసింది. నేనూ ఆవిడకి అలాగే ఒక ఓటు వేద్దామని." ఆ మాట వచ్చినాయనకు ఎక్కలేదు. కుర్చీ ఎప్పటికిస్తావని అడిగాడు.

వేలిముద్రలు అరిగిపోయేంతగా పేము లాగిన చేతులవి. ఏ కుర్చీ ఏ ఇంటిదో తడిమి చెప్పేవాడు. చదునైన కాగితం మీద ఆ చేతులకు ఏమీ తెలియదు. ఆ చెయ్యే ముద్ర ఒత్తింది. ఎక్కడ ఒత్తిందో ఆ చేతికే తెలియకుండా పోయింది. నేను రోజూ దేవుణ్ణి అడిగాను, అన్నయ్య మనసుకు ఈ ఒక్క సంగతి తేల్చమని. తేలలేదు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. నర్సమ్మ కర్ర పట్టుకుని మా వీధిలో ఓట్లడిగి వెళ్ళింది. మా అమ్మ ఇంకా ఉంది, చేతులు ఇంకా ఎక్కువ వణుకుతున్నాయి. అమ్మ ఓటు మానిపించి ఆయనకు తోడు వెళ్ళే ధైర్యం నాకు లేదు, అలా రమ్మనే మనసు ఆయనకూ లేదు. ఇంట్లో ఉండిపోతానంటే బామ్మర్ది చెప్పిన లెక్క తప్పుతుంది. ఆ రోజుకు అడితి వాళ్ళు ఇంటికి బండి పంపుతామని ముందే కబురు చేశారు.

ఓటుకు ముందురోజు పొద్దున్న ప్రార్థన అయ్యాక, ఆయన చెక్క గోడ మీద వేలితో కొట్టాడు. మిషన్ ఆపాను.

"చెల్లెమ్మా, మావాడు సాయంత్రం వస్తాడు కదా. నీ మాట అంటే వాడికి గౌరవం. నాకో సాయం చేసిపెట్టు."

"చెప్పన్నయ్యా."

"ఎక్కడ వెయ్యాలో వాడికి చెప్పొద్దు. అది వాడి చేతిలో లేదు పాపం. ఊరికే, నవ్వులాటకి అన్నట్టు చెప్పు. రేపు నా చెయ్యి పట్టుకున్నప్పుడు, వాళ్ళక్కలాగా కాస్త సణగమను."