మా ప్రిన్సిపాల్ కోపమే నా అర్హత

తన ఉద్యోగానికి తానే గొయ్యి తవ్వుకుని, తవ్వడం పదిమందికీ బాగా కనబడాలని పక్కన లైటు కూడా పెట్టుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. పేరు సుజాత. ఆ ఘనకార్యం చేసేనాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. నల్గొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా ఉండేదాన్ని. రామన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి జూన్‌లో ప్రిన్సిపాల్ సంతకం పెడితే ఉంటుంది, పెట్టకపోతే ఊడుతుంది.

ఆ ప్రిన్సిపాల్ గారు జనార్దన్ సార్. ఆయన కోపం గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫ్యాను తిరగకపోతే తిరగలేదని ఫ్యాన్‌ను తిట్టేవారు, తిరిగితే చప్పుడెందుకని తిట్టేవారు. పైగా ఆయనది నోటితో తీరే కోపం కాదు, కాగితం మీదికి కూడా వచ్చేది. వారానికి రెండు మూడు మెమోలు నా బల్ల మీద వాలేవి. "లైబ్రరీలో నిశ్శబ్దం తక్కువగా ఉన్నది. కారణం తెలుపగలరు" అని ఒకటి. పిల్లలెవరూ రాని వారంలో, "లైబ్రరీలో నిశ్శబ్దం ఎక్కువగా ఉన్నది. కారణం తెలుపగలరు" అని ఇంకొకటి. నేను రెండింటికీ ఒకే జవాబు రాసేదాన్ని: "తమరి సూచన గమనించాను, సరిచేస్తాను."

పిల్లలు రాని ఆ మధ్యాహ్నాలే నన్ను చెడగొట్టాయి. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి ఉచితంగా రాసే ఒక తెలుగు విజ్ఞాన సర్వస్వం ఉంది. జీతం ఉండదు, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. దాంట్లో నేను మా రామన్నపేట గురించి, చుట్టుపక్కల చెరువుల గురించి రాసేదాన్ని. గొర్రెల మీద రాసిన వ్యాసమైతే నా గర్వకారణం. మా బాపుకు, అంటే మా నాన్నకు, గొర్రెల మంద ఉంది. ఏ గొర్రె ఏ కాలంలో ఏం మేస్తుందో, ఏ రోగానికి ఏం చెయ్యాలో ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. ఆధారం అడిగారని "మా బాపు" అని పెట్టాను. తీసేశారు. ఆ సంగతి బాపుకు చెబితే, "నా మాట ఆధారం గాదంటే, వాళ్ళనే వచ్చి గొర్లను అడుగుమను" అన్నాడు.

ఒకరోజు ఆ విజ్ఞాన సర్వస్వంలో ఒక ప్రకటన చూశాను. చదువరుల నుంచి రోజూ ఈమెయిళ్ళు వస్తున్నాయట. మా ఊరి పేరు తప్పు రాశారని ఒకరు, నా ఫొటో తీసేయండని ఒకరు, మీ ఓనర్‌ను పిలవండని ఒకరు. వీళ్ళందరికీ తెలుగులో ఓపికగా జవాబు రాసే స్వచ్ఛంద కార్యకర్తలు కావాలి. చదవగానే నా ఒళ్ళు పులకరించింది. పుట్టిన దగ్గర్నుంచీ జవాబులు చెప్పుకుంటూ బతికినదాన్ని. మొట్టమొదటిసారి నన్ను జవాబులు చెప్పమని బతిమాలుతున్నారు!

దరఖాస్తులో మూడు ప్రశ్నలు. ఏయే భాషలు వచ్చు? ఇన్నాళ్ళూ ఇక్కడ ఏం రాశారు? ఈ రెండూ సులువే. మూడోది చూడండి: "కోపంగా ఉన్నవారితో మీరు ఓపికగా వ్యవహరించిన అనుభవం ఉందా? వివరించండి."

ఉందా అని అడుగుతారేమిటి! కుర్చీ ముందుకు లాక్కుని మొదలుపెట్టాను.

"మా కాలేజీ ప్రిన్సిపాల్ గారు నల్గొండ జిల్లాలోకెల్లా కోపిష్ఠి. ఆయన నెత్తి మీద గిన్నె పెడితే గ్యాసు లేకుండా అన్నం ఉడుకుతుంది. మూడేళ్ళుగా ఆయన మెమోలకు చిరునవ్వుతో జవాబులు రాస్తున్నాను. ఆయనను భరించినదాన్ని, ప్రపంచంలో ఎవరినైనా భరించగలను."

ఇంత ధైర్యంగా ఎలా రాశానంటారా? ఆ పేజీలో ఎటు చూసినా 'గోప్యత' అన్న మాటే. గోప్యత పాటించాలి, గోప్యత ఒప్పందం మీద సంతకం చెయ్యాలి, బయట ఎవరితోనూ మాట్లాడకూడదు. అంత రహస్యమైన పనికి దరఖాస్తు కూడా రహస్యమే కదా అనుకున్నాను. రహస్యంగా ఉంచేది జనం పంపే ఉత్తరాలనట. దరఖాస్తునేమో బహిరంగ పేజీలో వారం రోజులు ఉంచి, అందరి అభిప్రాయమూ తీసుకుంటారట. ఆ ముక్క పేజీలో మొట్టమొదటి వాక్యంలోనే ఉంది. లైబ్రేరియన్‌ను అయ్యుండి ఆ ఒక్క వాక్యమే చదవలేదు.

మర్నాడు మధ్యాహ్నం మాధవి మేడం పరుగెత్తుకుంటూ లైబ్రరీలోకి వచ్చింది. మా కంప్యూటర్ లెక్చరర్. ఆ విజ్ఞాన సర్వస్వంలో రాయడం నాకు నేర్పించింది ఆమే.

"సుజాతా, గా దరఖాస్తు నువ్వే రాసినవా?"

"అవ్ మేడం. కని అది మీకెట్ల కనబడ్డది?"

"నాకేందే, దునియా అంతటికీ కనబడ్తాంది. గా గిన్నె, గా అన్నం... సార్ చూస్తే మన్ల బతకనిస్తడా?"

వెంటనే కంప్యూటర్ తెరిచాను. నా దరఖాస్తు కింద అప్పుడే ముగ్గురు అభిప్రాయాలు రాశారు. ఒకరు, "నా మద్దతు. ఈ ప్రిన్సిపాల్‌ను భరించినవారు ఎవరినైనా భరిస్తారు." ఇంకొకరు, "మద్దతు. మా ఆఫీసులోనూ ఇలాంటాయన ఉన్నాడు, గిన్నె పెట్టి చూస్తాను." మూడో మనిషి ఒక్కటే మాట: "ఏ కాలేజీ?"

నా దరఖాస్తు మొత్తం తుడిచేశాను. హమ్మయ్య అనుకుని నీళ్ళ సీసా మూత తీశానో లేదో, మళ్ళీ ప్రత్యక్షం! ఎవరో పహరా కాసే సభ్యుడు వెనక్కి తెచ్చి పెట్టాడు. "చర్చ నడుస్తున్న పేజీలను తుడిచివేయరాదు" అని నాకో హితవు. మళ్ళీ తుడిచాను. మళ్ళీ తెచ్చాడు. మూడోసారి తుడిచాను. ఈసారి పేజీకి తాళమే పడింది. "పదేపదే జరుగుతున్న విధ్వంసం కారణంగా ఈ పేజీని ఎవరూ మార్చకుండా సంరక్షించడమైనది." అంటే, మా సార్ నెత్తి మీద గిన్నెను ఇక ఎవరూ దించలేరన్నమాట. నేను కూడా.

"ఇప్పుడేం చేద్దాం మేడం?" అన్నాను, ఏడుపు గొంతుతో.

"ఫికర్ చెయ్యకు. జనాలు మెయిళ్ళు పెట్టే అడ్రస్ ఉన్నది గద. దానికే నువ్వు గూడ ఒక మెయిల్ పెట్టు, తీసేయుండ్రి అని. గదైతే నిజంగనే రహస్యం."

చూశారా నా దశ! జవాబులు రాసే కుర్చీ కోసం వెళ్ళినదాన్ని, అర్జీదారుల వరుసలో నిలబడ్డాను. ఈసారి రహస్యమని రూఢి అయింది కదా, గుండెలో ఉన్నదంతా కుమ్మరించాను. నా పూర్తి పేరు రాశాను, కాలేజీ పేరు రాశాను, జనార్దన్ సార్ పేరు ఇంటిపేరుతో సహా రాశాను. "ఈ మనిషి చూశాడంటే ఈ జూన్‌లో నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టడు. గిన్నె గురించి నేను రాసింది అతిశయోక్తి కాదు, నిజానికి తగ్గించే రాశాను. దయచేసి కాపాడండి" అని ముగించాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళి బాపుకు చెప్పాను. ఆయన గొర్రెలను దొడ్లోకి తోలుతూ అంతా విన్నాడు.

"నౌకరి పోతే ఏం జేద్దాం బాపూ?"

"పోతే పోనీ బిడ్డా, గొర్లున్నయి గద. అవి మెమోలు రాయయి."

"నవ్వులాటగాదు బాపూ. సార్ మంచోడే, కోపమొక్కటే ఎక్కువ. నేనే నోరు జారిన."

"గట్లనుకుంటే గా మాటనే సార్‌కు చెప్పు. నాకెందుకు చెప్తున్నవ్?"

మర్నాడు పొద్దున బస్సెక్కాను. చిట్యాల దాటాక ఫోన్ టింగుమంది. జవాబు వచ్చింది! ఎంత చల్లటి ఉత్తరమో, చదువుతుంటే తడిగుడ్డతో ముఖం తుడిచినట్టుంది.

"సుజాత గారికి నమస్కారం. మీ ఆందోళన మాకు అర్థమైంది. ఇటువంటి పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దయచేసి మనసు కష్టపెట్టుకోకండి. మీరు కోరినట్టు ఆ భాగాన్ని ఎవరికీ కనబడకుండా చేయవచ్చు."

ఎవరో మహానుభావుడు! ఇలాంటాయన మా ప్రిన్సిపాల్ అయితే ఎంత బాగుండేది, అనుకుంటూ కిందికి జరిపాను.

"అయితే మీ లేఖలో ప్రస్తావించిన వ్యక్తితో నాకు మిక్కిలి దగ్గరి పరిచయం ఉన్నందున, ఈ విషయంలో నేను నిర్ణయం తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి మీ అభ్యర్థనను మరొక కార్యకర్తకు అప్పగించాను. వారు ఈ ఉదయమే ఆ పని పూర్తిచేస్తారు. ధన్యవాదాలు."

దాని కింద పేరు. జనార్దన్. ఇంటిపేరుతో సహా.

నార్కట్‌పల్లి రాగానే లేచి నిలబడ్డాను. దిగిపోయి వెనక్కి వెళ్ళే బస్సెక్కి గొర్రెల్లో కలిసిపోదామని. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాను, మళ్ళీ తీశాను.

"దిగుతవా, దిగవా అమ్మా? జర జెల్ది చెప్పు, బండి పోవాలె" అన్నాడు కండక్టరు.

"ఏమో అన్నా, నాకే సమజైతలేదు" అన్నాను. బస్సంతా నవ్వింది. సార్‌కే చెప్పమన్న బాపు మాట గుర్తొచ్చి, వచ్చి కూర్చున్నాను.

కాలేజీ గేటు దగ్గరే అటెండర్ యాదయ్య ఎదురొచ్చాడు. "సార్ పిలుస్తుండు మేడం." నడుచుకుంటూ వెళ్ళానో, ఎవరైనా మోసుకెళ్ళారో నాకు గుర్తులేదు. జనార్దన్ సార్ అద్దాల మీద నుంచి చూశారు.

"కూసో."

నేను కూర్చోలేదు. "సార్, నేను రాసింది తప్పు. మాఫ్ చెయ్యుండ్రి. గా గిన్నె ముచ్చట..."

"ఏం గిన్నె?" ఆయన కంఠం ఖంగుమంది. "నాకే గిన్నె తెల్వదు. నేను ఏ ఉత్తరం చూడలె. చూసినా, బయట మాట్లాడనని సంతకం పెట్టిన మనిషిని. ఇంకొక్క మాట దాని గురించి ఎత్తినవంటే మెమో ఇస్త!"

మూడేళ్ళలో మొదటిసారి ఆ అరుపు నాకు జోలపాటలా వినిపించింది. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. నా కాంట్రాక్టు. సంతకం ఉంది.

"ఇది పోయిన శుక్రవారమే పెట్టిన. నువ్వు వచ్చి తీస్కపోతలేవు. కారణం తెలుపగలవా?"

కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. వెళ్ళబోతూ, ఆగలేక అడిగేశాను.

"సార్, ఉత్తరం సంగతి అడుగుత లేను. గా పని ఎప్పటినుంచి చేస్తుండ్రు?"

"ఐదారేండ్లాయె. రోజు పొద్దుగాల లేసి, రెండు గంటలు."

"తిట్టెటోళ్ళకు గూడ అంత నిమ్మళంగ ఎట్ల రాస్తరు సార్? మరి ఈడ..." మిగతా మాట మింగేశాను.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. మొదటిసారి ఆయన ముఖంలో సిగ్గులాంటిదేదో కనిపించింది.

"ఏం జెయ్యాలె సుజాతా? ఉన్న ఓపికంత ఆడనే అయిపోతాంది. కాలేజీకొచ్చేటాళ్ళకు ఏం మిగుల్తలేదు."

అంటే మూడేళ్ళుగా నేను తిన్న తిట్లన్నీ, లోకంలో ఎవరెవరికో దక్కిన మర్యాదకు మిగిలిన పిప్పి అన్నమాట! బయటికొచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని పడీపడీ నవ్వాను. మధ్యాహ్నానికల్లా ఆ గిన్నె పేజీలోంచి మాయమైంది. దరఖాస్తును మర్యాదగా తిరస్కరించారు. అంగీకరించారంటే కూడా అంత సంతోషించేదాన్ని కాదు.

ఇది రాసే ముందు, రిటైరైన జనార్దన్ సార్‌కు ఫోన్ చేసి అనుమతి అడిగాను. "రాసుకో. పేరు మార్చు. కోపం జర తగ్గించి రాయి" అన్నారు. పేరు మార్చాను. ఇక చదువుతున్న మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఏ మనిషి కోపాన్నీ నా అర్హతల్లో ఇంకెప్పుడూ చేర్చను, ఆ మనిషి పొద్దున్నే లేచి ఎవరికి మర్యాద చేసి వస్తున్నాడో తెలుసుకోకుండా ఒక్క అక్షరం రాయను.

కోపం మాత్రం తగ్గించలేదు. సార్ ఈ మధ్య ఆ ఉత్తరాల పని మానేశారట. ఇప్పుడు ఓపిక బోలెడంత ఉండి ఉంటుంది.