ఆకుపచ్చ ఇంజనుకి ఎర్ర రంగు

మా బావ పడవకి పాత ఇంజను కొన్నాడు. కొనడం బాగానే ఉంది, ఎవరి దగ్గర కొన్నాడన్నదే గొడవ. అమ్మినవాడిది ఏడాదంతా వలలో పాచి తప్ప మరేదీ చూడని పడవ. కలిసిరాని పడవ ఇంజనుని రంగు మార్చకుండా సముద్రం మీదికి తీసుకెళ్ళకూడదని మా ఒడ్డున పద్ధతి. పాత రంగు చూసి దరిద్రం గుర్తుపట్టేస్తుందట. అంత చురుకైన దరిద్రాన్ని ఒక్క డబ్బా రంగుతో బోల్తా కొట్టించొచ్చని మా పెద్దలకి గట్టి నమ్మకం.

ఇంజను ఆకుపచ్చ. ఎరుపు వెయ్యమని అక్క ఆజ్ఞ. పని నాకు పడింది. ఆరో తరగతిలో బడి మానేసినవాడికి ఎప్పుడూ ఖాళీయేనని ఊరంతా అనుకుంటుంది. రంగు కొనడానికి బరంపురం వెళ్ళాను. గోడకా తలుపుకా అని కొట్టు సావుకారు అడిగాడు. ఇంజనుకన్నాను. అయితే పెళ్ళి ముహూర్తం ఎప్పుడన్నాడు.

నవ్వులాట సరే, బావకి మాత్రం ఇదే ఆఖరి ఆశ. ఈ ఇంజనూ మొరాయిస్తే దీన్ని అమ్మేసి, చెన్నై వెళ్ళి పెద్ద బోట్ల మీద కూలికి చేరిపోతానని అక్కకి చెప్పేశాడు. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేశాను. అన్నీ ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, బోల్టు తలకాయలతో సహా ఎర్రగా చేశాను. డీజిలు ట్యాంకు మూతకైతే ఏకంగా మూడు పూతలు. ఇంత శ్రద్ధ బడిలో చూపించి ఉంటే ఈపాటికి ఛత్రపూర్ కలెక్టరాఫీసులో కుర్చీ వేసుకుని జనాన్ని రేపు రమ్మంటూ ఉండేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే అలలు దాటాం. పావుగంట ఆడి ఇంజను ఆగిపోయింది. ఎంత తిప్పినా ఉలకలేదు. తెడ్లేసుకుని ఒడ్డుకొస్తే, దరిద్రం గుర్తుపట్టేసిందని అక్కడ అప్పటికే తీర్పు అయిపోయింది.

బావ కోప్పడలేదు. "ఎల్లుండి రైలెక్కేస్తానురా బామ్మర్దీ. నువ్వేసిన రంగు మాత్రం బాగుంది, ఫొటో తీసి దాసుకో" అన్నాడు. అక్క లోపలికెళ్ళి ఆయన బట్టలు మడతపెట్టడం మొదలెట్టింది.

ఇంజను అమ్మేముందు డీజిలు తీసేద్దామని ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. అప్పుడు వెలిగింది. మూతకి సూదిమొనంత బెజ్జం ఉంటుంది. అందులోంచి గాలి లోపలికి పోతేనే డీజిలు కిందికి, ఇంజనులోకి దిగుతుంది. నా మూడు పూతలూ దాన్ని సమాధి చేసేశాయి.

ఊరుకుంటే నింద దరిద్రం మీదే ఉండిపోయేది. పాపం, దానికి నోరు లేదు. కానీ గదిలో బావ సంచీ సగం నిండింది.

"బావా, ఇది దరిద్రం పని కాదు, నా పనే" అని మూత చూపించాను.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అక్క చీరకున్న పిన్నీసు అడిగి తీసుకుని, తనే బెజ్జం పొడిచాడు. ఇంజను పెరట్లోనే పెట్టి తిప్పితే గంటసేపు ఆగలేదు.

"ఈ మాట ఒడ్డున సెప్పకు. దరిద్రమంటే జాలిపడి ఒగ్గేస్తారు. బామ్మర్దంటే నేను సచ్చేదాకా నవ్వుతారు" అన్నాడు.

చెన్నై రైలు బావ లేకుండానే వెళ్ళింది. ఆ వేళకి మేం ఒడ్డు కనపడనంత దూరంలో వల లాగుతూ, ఒకర్నొకరు తిట్టుకుంటున్నాం.