బ్యాటరీలో బావినీళ్ళు

డెబ్బైల మొదట్లో, పటాన్‌చెరు పక్కన కొత్తగా లేచిన ఒక ప్రభుత్వ కర్మాగారంలో నేను తోటల విభాగానికి సూపర్‌వైజరుని. పేరు పెద్దదే. నా చేతికింద నలుగురు మాలీలు, నీళ్ళు చాలక ఎండిపోయే గడ్డి, ఒక చిన్న ట్రాక్టరు ఉండేవి. పొలం దున్నే ట్రాక్టరు కాదు. గడ్డి కోసేది, ఎరువు బండి లాగేది. రోజుకు ఇరవైసార్లు ఆగి ఇరవైసార్లు బయలుదేరాలి. బయలుదేరిన ప్రతిసారీ బ్యాటరీని పీల్చేస్తుంది, నాలుగడుగులు నడిచి ఆగిపోతుంది కనక పీల్చింది తిరిగి నిండదు. అందుకే ఏడాదికొక బ్యాటరీ చచ్చేది.

నేను కృష్ణా కాలవల కింద పుట్టినవాణ్ణి. ఇంజన్ల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని అప్పట్లో నా నమ్మకం. "ఈసారి బ్యాటరీ నేను చూసి కొంటాను సార్. మూడేళ్ళు రాకపోతే నన్నడగండి" అని మా ఆఫీసరు ముందు కోతలు కోశాను. "అడుగుతాను" అన్నాడాయన, నవ్వకుండా. నా ఉద్యోగం అప్పటికి ఖాయం కాలేదు. ఖాయమైతే క్వార్టరు ఇస్తారు. క్వార్టరు ఇస్తే నా భార్య వస్తుంది. నా లెక్కంతా అదే.

దసరా వెళ్ళగానే సంగారెడ్డి వెళ్ళి మూడు దుకాణాలు తిరిగాను. మెరిసే డబ్బాలు చూపించారు. నేను ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూశాను. లోపలి సీసం పలకలు మందంగా ఉంటే బరువుంటుంది, మందమైన పలకలు కుదుపులకు త్వరగా రాలిపోవు. చెయ్యి లాగేసిందే కొన్నాను. ట్రాక్టరు మీద దాని కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పరిచి, కదలకుండా బిగించాను. తీగలు పట్టే చోట పూత పడితే వంటసోడా నీళ్ళతో కడిగి గ్రీజు రాసేవాణ్ణి. ఇవన్నీ సరైన పనులే. ఇప్పటికీ అదే చెబుతాను.

క్వార్టరు రాకముందే, కార్తీకంలో నా భార్య వచ్చింది. మాకు పెళ్ళయి ఏడాది కాలేదు. పటాన్‌చెరులో కిరాయికి తీసుకున్న ఒంటిగది, బయట బావి. వచ్చిన మూడో రోజునే, "ఈ నీళ్ళతో పప్పు ఉడకడం లేదండీ" అంది. నేను నవ్వాను. మా ఊళ్ళో కాలవ నీళ్ళు ఎర్రగా బురదగా వస్తాయి. బిందెలో ఇండుపగింజ అరగదీసి, పూటంతా తేరనిచ్చి తాగుతాం. మాకు తేట అంటేనే మంచినీళ్ళు. ఇక్కడి బావిలో చూస్తే అడుగున పడ్డ చెంబు కూడా కనిపించేది. "అద్దంలాంటి నీళ్ళకు వంకలు పెడతావేం? మంట సరిగ్గా పెట్టు" అన్నాను.

ఇంకో రోజు గిన్నె తెచ్చి అడుగు చూపించింది. తెల్లగా ఏదో పట్టి ఉంది. "తోమడం రాకపోతే అలాగే ఉంటుంది" అన్నాను, పేపరు మీంచి తల ఎత్తకుండా. ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. నలభై రోజులు ఉంది. తర్వాత ఒంట్లో బాగాలేదని పుట్టింటికి వెళ్ళింది. క్వార్టరు వచ్చాక పంపిస్తామని మామగారు రాశారు. ఒంటిగది కష్టమై వెళ్ళిందనుకున్నాను.

ఇక నాకు మిగిలింది ట్రాక్టరే. మాలీలతో పనిమాటలే తప్ప వేరే మాటలుండేవి కావు. నా యాసకు వాళ్ళు చాటుగా నవ్వేవారు, వాళ్ళది నాకు సగమే అర్థమయ్యేది. ఆదివారాలు మరీ గడిచేవి కావు. హోటల్లో తిని, తోచక, తాళం తీసుకుని షెడ్డుకు వెళ్ళేవాణ్ణి. బ్యాటరీ ఆరు మూతలూ విప్పి లోపలికి తొంగిచూసి, నీళ్ళు కాస్త తగ్గితే చాలు, సీసాలో ఉన్న తేటనీళ్ళు పోసేవాణ్ణి. ఆ బావినీళ్ళే. పోస్తూ దానితో మాట్లాడేవాణ్ణి కూడా. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ ఆ రోజుల్లో నేను పైకి మాట్లాడిన మాటల్లో సగం ఆ షెడ్డులోనివే.

జ్యేష్ఠంలో ఒక ఉదయం, పెద్ద అధికారులు మొక్కలు నాటడానికి వచ్చే రోజున, తాళంచెవి తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది. అంతే. మొక్కల బండిని మాలీలు, నేను తోసుకుంటూ వాళ్ళందరి ముందు నుంచి వెళ్ళాం. సాయంత్రం మా ఆఫీసరు పిలిచి, "ఎనిమిది నెలలు" అన్నాడు. "దుకాణంవాడు మోసం చేశాడు సార్" అన్నాను.

మర్నాడు బ్యాటరీని చెక్కపెట్టెలో పెట్టుకుని సంగారెడ్డి బస్సెక్కాను. "తేజాబు ఒలికితె నీదే జిమ్మేదారి" అని కండక్టరు యాసిడ్ గురించి కంది ఊరు దాటేదాకా సతాయిస్తూనే ఉన్నాడు. బస్టాండు దగ్గర బ్యాటరీలు చార్జి చేసే ముసలాయన ఒకడున్నాడు. చొక్కా నిండా యాసిడ్ కాల్చిన చిల్లులు. దుకాణంవాడు మోసం చేశాడని చెప్పి పెట్టె ఆయన ముందు దించాను. మూత విప్పి, టార్చిలైటు వేసి చూశాడు.

"పలకలు ఖరాబైనయ్. ఏం నీళ్ళు పోసినవ్ సారూ?"

"బావినీళ్ళు. చాలా మంచివి. అద్దంలా ఉంటాయి."

ఆయన టార్చి ఆర్పేశాడు. "తేటగుంటె మంచియేనా? జెర ఆగు, చూపిస్త."

కిరసనాయిలు స్టవ్వు మీద రేకుమూత పెట్టి, నా సంచిలో తాగడానికి తెచ్చుకున్న ఆ బావినీళ్ళే అందులో పోసి మరిగించాడు. నీళ్ళు ఇగిరిపోయాక మూత నా ముందు పెట్టాడు. తెల్లటి చార.

"గిదేంది?" అన్నాడు.

అది నాకు తెలిసిన తెలుపు. గిన్నె అడుగున చూసిన తెలుపు.

"సున్నం, ఉప్పు. గీ బాయినీళ్ళు తాగితె మనిషి తట్టుకుంటడు, బ్యాటరీ తట్టుకోదు. ఇగ దుకాణపోల్లను అనకు. డిస్టిల్డు వాటరు పోయి. దొరకకుంటె వాననీళ్ళు. మొదటి వాన ఇడిసిపెట్టి, రెండోది పట్టు. రేకుల మీదియి గాదు, బట్ట కట్టి గాజుసీసాల పట్టు."

"ఈ నీళ్ళకు పప్పు ఉడుకుతుందా?" అని అడిగాను.

"యాడ ఉడుకుతది?" అన్నాడు నవ్వి. "మా ఇంట్ల రోజు గదే లొల్లి."

తిరుగు బస్సులో ఒళ్ళో పెట్టె పెట్టుకుని ఏడుపు ఆపుకున్నాను. తప్పు నాదేనని ఆఫీసరుకు రాసిచ్చాను. ఉద్యోగం ఖాయం చెయ్యడం ఏడాది వెనక్కి వెళ్ళింది. ఆ విడత క్వార్టరు వేరే అతనికి వెళ్ళింది.

రెండో వాన పడ్డ రోజు గుంజలకు తెల్లబట్ట కట్టి నాలుగు సీసాల నీళ్ళు పట్టాను. మూడు కొత్త బ్యాటరీకి దాచాను. నాలుగో సీసాతో కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. అరగంటలో వెన్నలా ఉడికింది. నలభై రోజులు ఆ పొయ్యి ముందు పొగలో కూర్చున్న మనిషి గుర్తొచ్చి గిన్నె మీద మూత పెట్టేశాను.

ఆ రాత్రే ఆమెకు రాశాను. బ్యాటరీ సంగతి, ముసలాయన సంగతి, నీళ్ళ విషయంలో నువ్వన్నదే నిజమన్న సంగతి. పది రోజులకు కార్డు వచ్చింది.

"పప్పు ఉడకలేదని నేను వెళ్ళలేదు. ఉడకడం లేదంటే మీరు నమ్మలేదు, అందుకు వెళ్ళాను. ఆ పెద్దాయన చెబితే ఒక్క పూటలో నమ్మారు."

ఆయన చూపించాడు కాబట్టి నమ్మానని జవాబు మొదలుపెట్టి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆమె కూడా చూపించింది. కాగితం చింపేసి, "నువ్వూ చూపించావు, నేనే చూడలేదు" అని ఒక్క ముక్క రాసి పంపాను. దానికి జవాబు రాలేదు.

ఏడాదికి క్వార్టరు వచ్చింది. రెండు గదులు, ఒక్క మంచం. మామగారు ఏమీ రాయలేదు, నేనూ అడగలేదు. ఆదివారాలు షెడ్డుకు వెళ్తూనే ఉన్నాను, కానీ మూతలు నెలకోసారే విప్పేవాణ్ణి. కొత్త బ్యాటరీ బాగానే పనిచేసింది. చివరికి అది ఐదేళ్ళు వచ్చింది. పప్పు కూడా బాగానే ఉడికేది. ఒక్కణ్ణే తినేవాణ్ణి.

ఆ మరుసటి వానాకాలం, చెప్పకుండానే, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నా భార్య వచ్చింది. పెట్టె కూడా విప్పలేదు. వంటగదిలోకి వెళ్ళి, క్వార్టరు కుళాయి నీళ్ళు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది. నీళ్ళన్నీ ఇగిరేదాకా పొయ్యి దగ్గరే నిలబడింది. తర్వాత గుడ్డతో గిన్నె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నావైపు వంచి అడుగు చూపించింది.

ఈసారి లేచి దగ్గరికి వెళ్ళి చూశాను.