ప్రేమ నవలలో నేను చేసిన హత్య

నేనొక మనిషిని చంపాను. కోరుట్లలో, మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద, పట్టపగలు, నలుగురు ఆడవాళ్ల ఎదుట. దాంతో మా అక్క పెళ్లి ఆగిపోబోయింది. కంగారుపడకండి, చచ్చినవాడు నవలలో హీరో. తిట్లు మాత్రం నిజం మనిషిని చంపితే పడేటన్ని పడ్డాయి.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. చదువంటే డిటెక్టివ్ నవలలే లెండి. మొదటి పేజీలో శవం లేకపోతే అది పుస్తకమే కాదని నా అభిప్రాయం. ప్రేమ నవలలంటారా? వాన పడుతుంది, గొడుగు ఒక్కటే ఉంటుంది, ఇద్దరూ సిగ్గుపడతారు. రెండొందల పేజీలు సిగ్గుపడితే చదివేవాడికి నిద్ర రాదూ!

సెలవులకు కోరుట్ల పోతే, పెద్దమ్మావాళ్లు బీడీలు చేస్తూ నాతో నవల చదివించుకునేవారు. వాళ్ల చేతులు ఖాళీ ఉండవు, నా నోరు ఖాళీ ఉండదు. ఆసారి నవల పెద్దమ్మ కూతురు లావణ్యక్క ఎంచింది. వానా గొడుగూ రకం. మర్నాడు ఆమెను చూసుకోవడానికి సిరిసిల్ల నుంచి పెళ్లివారు వస్తున్నారు. నాకేమో సంచిలో కొత్త డిటెక్టివ్ నవల ఎదురుచూస్తోంది. ఓపిక చచ్చి, పుస్తకంలో లేనిది చదివేశాను.

"ఎవరో వెనక నుంచి పొడిచారు. అతను అక్కడికక్కడే ప్రాణాలు విడిచాడు. సమాప్తం."

బీడీలు చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి.

"అయ్యో, బంగారమసొంటి పోరడు! ఎవలు పొడిచిండ్రురా?" అంది పెద్దమ్మ.

"రాయలే పెద్దమ్మా."

లావణ్యక్క ఏడుస్తూ లేచింది. "గంత మంచోడే సచ్చిపోయినంక నాకు పెండ్లెందుకు? రేపు వాళ్లను రావద్దనుండ్రి."

"ఏందే బిడ్డా, పుస్తకంలోడు సస్తే నీ పెండ్లికేమైంది?"

"నాకద్దు!"

ఆ పూట అక్క అన్నం ముట్టలేదు. నిజం చెబుదామని నోరు తెరిచాను. పెద్దమ్మ చేతిలో గరిటె చూసి మూసుకున్నాను.

మర్నాడు సిరిసిల్ల వాళ్లు రానే వచ్చారు. పెద్దమ్మ బతిమాలి అక్కను తెచ్చి కూర్చోబెట్టింది. ఉబ్బిన కళ్లు చూసి పిల్లగాడు బెదిరిపోయాడు.

"మీకిష్టం లేకుంటె చెప్పుండ్రి, నేనేమనుకోను."

"గట్లేం గాదు. నిన్నటి నవలల హీరో సచ్చిపోయిండు," అని అక్క నవల పేరు చెప్పింది.

అతని ముఖం వెలిగిపోయింది. "అది నేను సదివిన! మా మరమగ్గం సాంచల చప్పుడుల మాట్లాడితే వినబడది, మగ్గం నడుస్తుంటె నవలలు సదువుత. దాంట్ల ఎవ్వలు సావరు. ఆఖరుకు ఇద్దరికి పెండ్లయితది!"

గదిలో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఎన్నో నవలల్లో హంతకుణ్ణి ముందే పట్టేసిన మొనగాణ్ణి నేను. నన్ను పట్టడానికి పెద్దమ్మకు క్షణం పట్టలేదు.

"సంపినోడు వీడేనే!"

జగిత్యాల బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. అక్క మాత్రం ఏడుపులోంచే నవ్వి, "పిలగాడు నచ్చిండు" అందట.

ఇదిగో, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ప్రేమ నవలలో దోమను కూడా చంపను. చంపితే బావ ఊరుకోడు కూడా. సిరిసిల్ల నుంచి వరసగా ప్రేమ నవలలు పంపుతాడు, నేను చదివి అభిప్రాయం చెప్పాలి. మొన్నటిదీ వానా గొడుగే.

"ఎట్లున్నది బామ్మర్ది?"

"మస్తున్నది బావా. అందరు బతికే ఉన్నరు."