ఎమ్మిగనూరు మైదానంలో ఏకాదశి

ఏకాదశి నాడు నీళ్ళు తాగినందుకు భీమసేనరావు కన్నకొడుకును ఇంట్లోంచి వెళ్ళగొట్టాడని ఆదోనిలో ఒక మాట చాలాకాలం తిరిగింది. పత్తి మార్కెట్టు దగ్గర సైకిల్ షాపు పెట్టుకున్న లక్ష్మప్ప ఆ మాటను అందరికంటే బాగా చెప్పేవాడు. ట్యూబును తొట్టి నీళ్ళలో ముంచి, బుడగలు ఎక్కడ లేస్తాయా అని చూస్తూ చెప్పేవాడు.

"గుక్కెడు నీళ్ళప్పా! గుక్కెడు నీళ్ళకు పదారేండ్ల పిల్లోని సేతికి పెట్టె ఇచ్చి బయటికి పొమ్మన్నాడంట. ఆ సామిది గుండె కాదు, బండ."

"నువ్వు సూసినావా అన్నా?" అని ఎవరైనా అడిగితే కోపం వచ్చేది.

"సూసేదేముంది? నరహరి నీకు యాడన్నా కనపడతాండాడా, సెప్పు మళ్ళా?"

భీమసేనరావును ఎరిగినవాళ్ళకు అది నమ్మబుద్ధయ్యే మాటే. ఆయన ఎలిమెంటరీ బడిలో పంతులు. సన్నగా, నిటారుగా ఉంటాడు. నుదుట మాధ్వుల నల్లని అంగారం గీత చెదరదు, పంచె కుచ్చిళ్ళు నలగవు. పిల్లల్ని కొట్టడు. కళ్ళెత్తి చూస్తే చాలు, తరగతిలో చప్పుడుండదు. వేసవి సెలవుల్లో మంత్రాలయం పోయి యాత్రికులకు వడ్డన చేసి వస్తాడు. ఎనిమిదో ఏట ఒడుగై జంధ్యం వేసుకున్నది మొదలు ఏ ఏకాదశి నాడూ ఆయన గొంతులోకి నీటిబొట్టు దిగలేదు. ఒకసారి టైఫాయిడ్ జ్వరంలో కూడా దిగలేదని భార్య కృష్ణాబాయి సగం గర్వంగా, సగం ఏడుపుగా చెప్పేది.

అలాంటి ఇంటి పిల్లవాడు హాకీ కర్ర పట్టడానికి కారణం హైస్కూలు డ్రిల్లు మాస్టరు దేవేంద్రప్ప. ఆయనది హొళగుంద. మాటల్లో కన్నడం, తెలుగు కలిసిపోయి ఉండేవి. వయసులో ఉన్నప్పుడు జిల్లా జట్టు దాకా పోయి, ఛాతీ కొలతలో ఒక్క అంగుళం తగ్గిందని వెనక్కి వచ్చినవాడు. ఆ అంగుళాన్ని ఆయన మర్చిపోలేదు. తొమ్మిదో తరగతిలో నరహరి ఆట చూసిన రోజు ఆయనకు రాత్రి నిద్ర పట్టలేదు. అందరూ బంతి ఉన్నచోటికి పరుగెత్తుతుంటే, వీడొక్కడు బంతి రాబోయే చోటికి పోయి నిలబడేవాడు.

పిల్లవాణ్ణి ఆడించడానికి అనుమతి అడగబోతే భీమసేనరావు ఒకటే షరతు పెట్టాడు. "ఆడనీ. దేనితోనైనా ఆడనీ. ఏకాదశి మాత్రం తప్పకూడదు." నరహరి తండ్రి పాదాలు ముట్టుకొని మాట ఇచ్చాడు. రెండేళ్ళు ఆ మాటతో ఎవరికీ ఇబ్బంది రాలేదు.

1981 మే నెలలో హైదరాబాదు నుంచి కార్డు వచ్చింది. స్పోర్ట్సు హాస్టలుకు హాకీ పిల్లల్ని ఎంచుకుంటారు. ఎమ్మిగనూరులో ఒక బడి మైదానంలో మొదటిరోజు శరీర పరీక్షలు, మర్నాడు ఇంటర్వ్యూ. చదువు, తిండి, కోచింగు అన్నీ వాళ్ళవే. వయసు పదహారు దాటితే తీసుకోరు. నరహరికి ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది కూడా.

కృష్ణాబాయి పంచాంగం తీసి చూసి, దాన్ని భర్త ముందు పెట్టింది. పరీక్షల రోజు ఏకాదశి.

"పరీక్ష వాళ్ళది, ఏకాదశి మనది," అన్నాడు భీమసేనరావు. ఆ మాటతో ఇంట్లో ఆ సంగతి ముగిసింది.

దేవేంద్రప్పకు ముగియలేదు. బస్సులో నరహరి పక్కన కూర్చొని చెవిలో చెప్పాడు. "ఉపాసమని ఆడ ఎవురికీ సెప్పొద్దు. పోయినేడు ఒక పిల్లోడు గుడ్డు తిననన్నాడు. అయితే ఇంట్లోనే ఉండు నాయనా అని అంపించినారు. అడిగినదానికి మాత్రమే జవాబు." ముందు సీట్లో భీమసేనరావు వెనక్కి తిరగకుండా కిటికీలోంచి చూస్తున్నాడు. కొడుకు వెంట తానూ వస్తానని ఆయనే అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

మైదానంలో నలభై ఎనిమిది మంది పిల్లలున్నారు. కావలసింది ఆరుగురు. తెల్లకోటు డాక్టరు ఒకాయన, మిలిటరీలో పనిచేసి వచ్చిన సెలెక్టరు ఒకాయన, కాగితాలు రాసే గుమాస్తా ఒకడు. ఆట చూసింది పావుగంట. ఆ పావుగంటలో నరహరి రెండు గోల్సు కొట్టాడు. సెలెక్టరు నల్లకళ్ళద్దాలు తీసి చూశాడు. దేవేంద్రప్ప వరండా స్తంభాన్ని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత కొలతలు మొదలయ్యాయి. ఎత్తు, బరువు, ఛాతీ. ముందురోజు ఒంటిపూట తిన్నవాడు కాబట్టి నరహరి బరువు మామూలు కంటే రెండు కిలోలు తగ్గింది. గుమాస్తా రాసుకున్నాడు. యాభై మీటర్ల పరుగులో రెండోవాడిగా వచ్చాడు. గెంతడంలో నాలుగోవాడు. పన్నెండు గంటలయ్యేసరికి నేల మీద ఎండ తెల్లగా మండుతోంది.

అప్పుడు డాక్టరు బల్లలు వేయించాడు. ఈల చప్పుడుకు బల్ల ఎక్కాలి, దిగాలి. ఐదు నిమిషాలు, మొత్తం నూటయాభై సార్లు. ఆపిన తర్వాత ఒక నిమిషం కూర్చోబెట్టి మణికట్టు పట్టి నాడి లెక్కిస్తారు. నాడి ఎంత త్వరగా దిగితే గుండె అంత గట్టిదని లెక్క. మిగతా పిల్లలు దిగి, బకెట్లో ముంతలు ముంచుకొని తాగి కూర్చున్నారు. వాళ్ళకు వంద, నూట ఐదు, తొంభై ఎనిమిది. నరహరి బకెట్టు వైపు చూడలేదు. గోడకు ఆనుకొని కూర్చున్నాడు. వాడి పెదవుల మీద తెల్లగా పొర కట్టింది.

"నూటముప్పై ఆరు," అన్నాడు డాక్టరు. మళ్ళీ లెక్కపెట్టాడు. నూటముప్పై నాలుగు. "గుండెకు ఏమన్నా జబ్బు చేసిందా బాబూ నీకు?"

"లేదు సార్."

"నాలుగు గంటలకు మళ్ళీ ఎక్కిస్తాను. అప్పుడూ ఇట్లాగే ఉంటే పేరు కొట్టేస్తాను. గుండె బాగాలేని పిల్లవాణ్ణి పంపి నేను మాట పడలేను."

దేవేంద్రప్ప రోడ్డు మీది బడ్డీకి పోయాడు. సోడా కొట్టించుకొని పరుగున వచ్చాడు. నరహరి తల తిప్పుకున్నాడు.

"తాగురా. ఎవురూ సూడరు."

"నాన్నకు మాటిచ్చినా సార్."

"మీ నాయనే తాగమంటే?"

నరహరి తండ్రి కూర్చున్న వైపు చూశాడు.

వరండా చివర భీమసేనరావు తులసిమాల తిప్పుతూ కూర్చొని ఉన్నాడు. ఆయన పెదవులు కూడా పగిలి ఉన్నాయి. దేవేంద్రప్ప ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"సామీ, పిల్లోడు పడిపోతాడు."

"నలభై రెండేళ్ళుగా నేను పడినానా దేవేంద్రప్పా?"

"ఎండలో నూటయాభై మాట్లు బల్ల ఎక్కి దిగినావా సామీ నువ్వు?"

మాల ఆగింది. మళ్ళీ కదిలింది. "వాడికి దేవుడున్నాడు," అన్నాడు భీమసేనరావు. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే బిగువు లేదు.

"ఉండాడు సామీ, నేను లేడనలేదు. ఆ డాక్టరు కాగితంలో మాత్రం నూటముప్పై ఆరే ఉండాది. గుండెజబ్బోడని రాసి పంపిస్తే ఆ మాట ఈ పిల్లోన్ని బతికినన్నాళ్ళూ ఇడిసిపెడుతుందా? ఒక్క అంగుళానికి నేను..." దేవేంద్రప్ప మాట పూర్తి చేయకుండా లేచి పోయాడు.

రెండున్నరయింది. మూడయింది. దేవేంద్రప్ప బడి గడియారాన్ని ఒకసారి, భీమసేనరావును ఒకసారి చూస్తున్నాడు. నరహరి గోడ నీడ జరిగినకొద్దీ తానూ జరుగుతున్నాడు. ఒకసారి లేవబోయి, మోకాలి మీద చెయ్యి పెట్టుకొని మళ్ళీ కూర్చున్నాడు. అది చూసి భీమసేనరావు మాలను కళ్ళకద్దుకొని సంచిలో పెట్టాడు. తన రాగి చెంబు తీసుకొని ఎండలోకి దిగాడు. బోరింగు దగ్గర నిలబడి తానే కొట్టాడు. మొదట గాలి వచ్చింది. నీళ్ళు రావడానికి చాలాసేపు పట్టింది.

చెంబు పట్టుకొని కొడుకు ముందుకు వచ్చాడు.

"తాగు."

"ఈ పొద్దు ఏకాదశి నాన్నా."

"నాకు చెప్తావా?"

"నువ్వు తాగవు గదా," అన్నాడు నరహరి. వాడు మొండిగా అన్నాడో, పిల్లవాడిలా అన్నాడో దేవేంద్రప్పకు తెలియలేదు. "నువ్వు ఉపాసముండి నన్ను తాగమంటే ఎట్లా తాగేది?"

భీమసేనరావు చెంబులోకి చూశాడు. దాన్ని ఎత్తి, అంచు పెదవులకు తాకకుండా నోట్లోకి పోసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు గుక్కలు. గొంతు కదలడం దూరానికి కూడా కనిపించింది. తర్వాత వంగి చెంబు వంచాడు. నరహరి దోసిలి పట్టి తాగాడు. నీళ్ళు మోచేతుల మీదుగా కారాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

నాలుగు గంటలకు నరహరి మళ్ళీ బల్ల ఎక్కాడు. నాడి నూటనాలుగు.

"మధ్యాహ్నం ఏమైంది వీడికి?" అన్నాడు డాక్టరు.

"ఉపాసం సార్ వాడు!" ఆదోని పిల్లవాడొకడు నవ్వుతూ అరిచాడు. "తాగనని వాళ్ళ నాయనకు మాటిచ్చి ఇప్పుడు సెంబుడు తాగినాడు."

సెలెక్టరు తల తిప్పాడు. గుమాస్తా చేతిలోంచి కాగితం తీసుకొని పక్కన ఏదో రాశాడు. అది పొడుగు వాక్యం. దేవేంద్రప్పకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఇంటర్వ్యూ. లోపల ముగ్గురు, బయట బెంచీ మీద తల్లిదండ్రులు. తలుపుకు తెర మాత్రమే ఉంది. ఎవరు ఏమన్నా బయటికి వినిపిస్తుంది. కొందరిని ఇంట్లో ఎంతమందని అడిగారు, కొందరిని భయమేస్తే ఏం చేస్తావని అడిగారు. నరహరి వంతు వచ్చింది.

"ఉపవాసమని డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు?" సెలెక్టరు గొంతు.

"అడగలేదు సార్."

డాక్టరు నవ్వబోయి ఆపుకున్నట్టు చప్పుడైంది. సెలెక్టరు నవ్వలేదు. "నీళ్ళు తాగనని మాట ఇచ్చావట. మూడు గంటలకు తాగావట. కష్టం వస్తే మాట వదిలేసేవాణ్ణి నమ్మి జట్టులో బంతి ఎవడిస్తాడు? ఎవరు తాగమన్నారు నిన్ను?"

బయట దేవేంద్రప్ప బెంచీ అంచు పట్టుకున్నాడు. నిజం చెప్తే తండ్రి నిష్ఠ పదిమందిలో పోతుంది. చెప్పకపోతే సీటు పోతుంది.

"ఎవరూ చెప్పలేదు సార్," అన్నాడు నరహరి. "నాకే దప్పికైంది."

పెన్సిలు కాగితం మీద గీసిన చప్పుడు. దేవేంద్రప్ప కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి పక్కన భీమసేనరావు లేడు. తెర తొలగించుకొని లోపలికి పోయాడు.

"మిమ్మల్ని పిలవలేదండీ."

"తెలుసు. ఆ రాసింది కొట్టేయండి. వాడు అబద్ధమాడుతున్నాడు." భీమసేనరావు బడిలో పాఠం చెప్పినట్టే చెప్పాడు. "మాట తీసుకున్నవాణ్ణి నేను. నీళ్ళు తెచ్చినవాణ్ణి నేను. ముందు తాగినవాణ్ణి కూడా నేనే. వాడు నా తర్వాత తాగినాడు. మాట తప్పింది వాడు కాదు."

సెలెక్టరు పెన్సిలు పక్కన పెట్టి అడిగాడు. "హాస్టల్లో కూడా ఏకాదశులు వస్తాయి పంతులుగారూ. అదే రోజు మ్యాచీ వస్తే?"

"వాణ్ణే అడగండి. ఆడేది వాడు."

నరహరి తండ్రి వైపు చూడకుండా చెప్పాడు. "మ్యాచీ ఉంటే తాగుతా సార్. లేకుంటే తాగను."

"సరే, పోండి."

మధ్యాహ్నం గోడకు కాగితం అతికించారు. ఆరు పేర్లలో ఐదోది నరహరిది. దేవేంద్రప్ప దాన్ని మూడుసార్లు చదివి, తువ్వాలు నోట్లో కుక్కుకొని బోరింగు వెనక్కి పోయి ఏడ్చాడు. భీమసేనరావు మాత్రం బస్సు టైము కనుక్కున్నాడు.

నీళ్ళ సంగతి వాళ్ళకంటే ముందే ఆదోని చేరింది. మైదానానికి వచ్చిన ఆదోని పిల్లలే మోసుకుపోయారు. జూన్ నుంచి నరహరి వీధిలో కనిపించడం మానేశాడు. ఆ రెండింటినీ లక్ష్మప్ప ఒక అతుకు వేసి కలిపాడు. ఏకాదశి పూట భీమసేనరావు ఎదురైతే కొందరు ఓరగా నవ్వేవాళ్ళు, కొందరు తప్పుకొని పోయేవాళ్ళు.

"కొడుకును ఎల్లగొట్టినావంటాండారు సామీ. కాదని ఒక్క మాట సెప్పరాదా?" అని దేవేంద్రప్ప ఒకసారి అడిగాడు.

"నీళ్ళు తాగింది నిజమే గదా," అని భీమసేనరావు నడిచిపోయాడు.

హాస్టలు దరఖాస్తులో ఆహార నియమాలు అని ఒక గడి ఉంది. అందులో గుండ్రటి చేతిరాతతో, "మాంసము, గుడ్లు పెట్టరాదు. ఏకాదశి నాడు అడిగినయెడల అన్నము, నీళ్ళు పెట్టవలెను" అని రాసి సంతకం చేసింది భీమసేనరావే. నరహరి పెట్టె మోసుకొని హైదరాబాదు దాకా పోయి, వాణ్ణి హాస్టల్లో చేర్పించి వచ్చింది కూడా ఆయనే.