ఏబెల్ నీళ్ళు, ఏబెల్ కప్ప

మా ఆయన ఏబెల్ ఊరికి నీళ్ళు వదిలే మనిషి. వడమాలపేట నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. పంతొమ్మిదేళ్ళుగా ఆయనకు తెల్లవారడమంటే మోటరు వేయడం, బ్లీచింగ్ పొడి బకెట్లో కలిపి ట్యాంకు ఎక్కడం, పైన తేరిన నీళ్ళు ట్యాంకులో పోసి దిగి వీధి వీధికీ వాల్వు తిప్పడం. చివరి ఇంటి కొళాయి దగ్గర చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తాడు. పసుపు రంగు తేలితే పొడి సరిపోయినట్టు. రంగు తేలాకే ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు. అది ఆయనకాయన పెట్టుకున్న నియమం. నేను పెట్టిన నియమాలు మాత్రం ఒక్కటీ పాటించడు.

మాటలు తక్కువ. రోజంతా నేను వాగాలి, ఆయన ఊ కొట్టాలి. శుక్రవారం ఒక్కరోజు మాత్రం ఎక్కడలేని నోరూ వస్తుంది. ఆ రోజు ఇంటింటికీ పోయి తొట్లు, డ్రమ్ములు బోర్లించాలి కదా! "నిలవ నీళ్ళు పెట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పేది? దోమలు పడతాయి" అని అందరి మీదా గొంతు లేపుతాడు. మా పక్కింటి తిరుమలమ్మక్క నీలం డ్రమ్ముకు, ఈయనకు పాత వైరం. ఈయన బోర్లించి పోతాడు, ఆమె మళ్ళీ నింపుతుంది.

అలాంటి మనిషి పోయిన అక్టోబరులో మోటరు సామాను కోసం తిరుపతి పోయి, చేతిలో నీళ్ళ కవరుతో దిగాడు.

"సామాను యాడ?" అన్నాను.

"అంగడి మూసుండాది."

"మరి ఆ కవర్లో ఏముండాది?"

"కప్పలు."

అయ్యో నా తండ్రీ! వానొస్తే మా వాకిట్లో చీపురుతో తోసినా పోనన్ని కప్పలు. ఈయన బస్సెక్కి పోయి కొనుక్కొచ్చాడు. చూస్తే బొటనవేలంత లేవు. ఇవి నేల మీదికి రావట, బతుకంతా నీళ్ళలోనేనట. గాలి కోసం మాత్రం సర్రున పైకొచ్చి, ముక్కు బయట పెట్టి, మళ్ళీ అడుగుకు పోతాయి. చేపల అంగడిలో ఒకటి చేతులూ కాళ్ళూ చాపి నీళ్ళలో అలాగే తేలుతుంటే చచ్చిందనుకున్నాడట ఈయన. అంగడాయన ఢిల్లీబాబు గాజు మీద వేలితో తట్టేసరికి బాణంలా పైకి దూసుకొచ్చిందట. అంతే, మనిషి పడిపోయాడు. నన్ను పెళ్ళిచూపుల్లో చూసినప్పుడు కూడా అంత మురిసిపోలేదు!

పనీ పాటా లేకుండా వేళకు తిండి అడిగేవాళ్ళకు ఏ పేరు పెట్టాలి? దొర, దొరసాని అని నేనే పెట్టాను. గాజు తొట్టి బల్ల మీదికెక్కింది. కప్పలు ఎగిరి బయట పడితే ఎండిపోయి చస్తాయని పైన మూత కావాలన్నాడు. నా పిండి జల్లెడ పోయింది. వాటికి చూపు ఆనదట, ఎండిన పురుగును మూతి ముందు పట్టుకోవాలట. ముల్లు తీసే నా పట్టకారు కూడా పోయింది.

అన్నీ బాగానే చేశాడు గానీ ఒక్కటి చేయలేదు. ఢిల్లీబాబు వచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పాడట, "అన్నా, కొళాయి నీళ్ళు నేరుగా పోయొద్దు, ఒకరోజు నిలవబెట్టి పోయి" అని. నిలవ నీళ్ళు! ఆ మాట వింటేనే మా ఆయనకు ఒళ్ళు మండుతుంది. "నా నీళ్ళకేం తక్కువ? ఊరంతా తాగే నీళ్ళు" అని, తెల్లారి వాల్వు తిప్పగానే తాజా నీళ్ళు పట్టి తొట్టి నిండా పోశాడు. పైగా వాటికి ఊళ్ళో అందరికన్నా ముందు పోశానని ఆయనకు గర్వం.

మరునాటికి దొరసాని వెల్లకిలా తేలింది. ఈసారి గాజు మీద ఎంత తట్టినా కదల్లేదు. దొర పొట్టంతా ఎర్రబడింది. మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరుస్తున్నాడు. ఢిల్లీబాబు ఫోనెత్తలేదు. మా ఆయన తొట్టి ముందు గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నా మనసు ఆగలేదు. కారణం ఏమిటో ఇద్దరికీ అర్థమయ్యే ఉంది.

"రేపు ఒక్కరోజు పొడి తగ్గించి వెయ్యయ్యా. రవంత. ఎవురికి తెలుస్తుంది?" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇంకోసారి ఆ మాటంటే నేను మనిషిని కాను" అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా మీద ఆయన గొంతు లేపడం అదే మొదలు. రెండు రోజులు నాతో పలకలేదు కూడా. ఉప్పు కావాలన్నా గోడకు చెప్పేవాడు.

దొరసాని పోయిన ఆ సాయంత్రమే ఢిల్లీబాబు ఫోన్ చేశాడు. కప్ప నోటితో తాగదట, ఒళ్ళంతా చర్మంతోనే పీల్చుకుంటుందట. అందుకే మనకు ఏమీ చేయని పొడి దానికి మంట. "ఇప్పటికిప్పుడు కావాలంటే నీళ్ళు కాంచి, బాగా సల్లార్చి పోయి. రేపట్నుంచి నిలవబెట్టుకో" అన్నాడు. కాచాము. చల్లార్చాము. ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వంచి వంచి నా చేతులు పడిపోయాయి. నాలుగో రోజుకు దొర పట్టకారు దగ్గరికొచ్చి పురుగు లాక్కున్నాడు. వారానికి పాత చర్మం చొక్కాలా విడిచి, దాన్ని తనే మింగేశాడు. ఆ ఘోరం చూసి నేను కేక పెడితే, మా ఆయన మాత్రం పెద్ద పండగ చేసుకున్నాడు. ఒక సాయంత్రం ఎక్కడో జుయ్‌మని మోటరు మోగుతోందని చెప్పులు కూడా లేకుండా పంపు గదికి పరుగెత్తాడు. అక్కడ మోటరు ఆగే ఉంది. ఇంట్లో దొర పాడుతున్నాడు.

ఇంతలో శుక్రవారం వచ్చింది. ఈయన తిరుమలమ్మక్క డ్రమ్ము బోర్లిస్తుంటే, ఆమె మా వసారాలోకి తొంగి చూసింది. గుడ్డ కట్టిన రెండు బకెట్లు!

"ఓహో! మా డ్రమ్ము బోర్లించేది, నీ ఇంట్లో దాపెట్టుకునేదా? ఏమే ఎస్తేరూ, ఎందుకు ఈ నీళ్ళు?"

నా నోరు ఊరుకుంటుందా! "కప్పకక్కా. కొళాయి నీళ్ళు పోస్తే ఒకటి సచ్చిపోయింది" అనేశాను. నా నోట్లో మన్ను పడ! ఆ మాట సాయంత్రానికల్లా ఊరు చుట్టేసింది. ఏబెల్ నీళ్ళకు కప్పలు చస్తున్నాయట. ఏబెల్ ఇంట్లో వాళ్ళు కొళాయి నీళ్ళు ముట్టరట, కాచుకుని తాగుతారట. శనివారం పొద్దున మా కొళాయిల దగ్గర ఒక్క బిందె లేదు. ఆడవాళ్ళంతా మామిడి తోటలో పాడుబావికి దారి పట్టారు. వానకు చుట్టుపక్కల మురికంతా కొట్టుకొచ్చి చేరే బావి అది.

ఐదు రోజులు అదే తంతు. ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అది కూడా ఏబెల్ పొడి వల్లేనన్నారు. వార్డు మెంబరు దామోదరం మా వాకిట్లోకి వచ్చి, "ఏందప్పా ఏబెలూ, జనం కాగితం మీద సంతకాలు పెడతా ఉండారు. పొడి ఆపు, లేకపోతే వేరే మనిషిని పెట్టేస్తాం. రేపు పొద్దున ట్యాంకు కాడికి రా" అన్నాడు. ఆ పని పోతే ఈ మనిషి ఏమైపోతాడు? ఆయన మాత్రం పని గురించి ఒక్క మాట అనలేదు. "ఆ బావి నీళ్ళు తాగతా ఉండారు మే, పసిబిడ్డలకు కూడా పోస్తా ఉండారు" అని అదే అంటూ వాకిట్లో పచార్లు చేశాడు.

పొద్దున ట్యాంకు కింద ఊరంతా నిలబడింది. ముందు వరసలో ఖాళీ బిందెతో తిరుమలమ్మక్క. మా ఆయన చేతిలో గాజు గొట్టం పట్టుకుని తల దించుకున్నాడు. కప్పకు చర్మమని, మనకు కడుపని చెప్పబోయి రెండు మాటలకే తడబడ్డాడు. ఎవరో నవ్వారు. "ఇంతకీ పొడి ఆపుతావా లేదా?" అన్నాడు దామోదరం.

"ఆపను" అన్నాడు ఆయన.

ఇక నేనే సిగ్గూ లజ్జా వదిలేసి ముందుకు పోయాను.

"కప్ప మాట మీకు చెప్పింది నేను. అంతా చెప్పలేదు, ఇప్పుడు ఇనండి. కప్ప సస్తా ఉంటే, పొడి రవంత తగ్గించమని ఈ మనిషికి చెప్పింది కూడా నేనే. మీ బిడ్డల గురించి నాకు తోచనే లేదు. ఈయన ఏడస్తా కూర్చునినాడు గానీ తగ్గించలేదు. నన్ను తిట్టినాడు. అంత ప్రేమగా తెచ్చుకున్న కప్ప కోసమే తగ్గించనోడు మీరు సంతకాలు పెడితే తగ్గిస్తాడా?"

ఎవరూ నవ్వలేదు. తిరుమలమ్మక్క నన్ను కాదు, ఆయన్ని చూసింది. "ఏమబ్బా ఏబెలూ, అంత మొండితనం ఎందుకు నీకు?" అంది, మెల్లగానే.

ఆయన గాజు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నా చెల్లెలు ఆరేళ్ళకే పోయిందక్కా. వాంతులు, విరేచనాలు. రెండు రోజులు. మడుగు నీళ్ళు తాగినాం అందరం. నాకేమీ కాలేదు. మా ఊళ్ళో అప్పుడు ఈ పొడి వేసే మనిషి లేడు."

ఆయనకు ఒక చెల్లెలుండేదని నాకు తెలుసు. ఎట్టా పోయిందని ఎప్పుడడిగినా జ్వరమనేవాడు. అక్కడ, అంతమంది మధ్యలో నిలబడి నేను ఏడ్చేశాను.

తిరుమలమ్మక్క వెనక్కి తిరిగి ఎవరి వైపూ చూడలేదు. బిందె తీసుకుపోయి కొళాయి కింద పెట్టింది.

"వాల్వు తిప్పబ్బా, బిడ్డలకు నీళ్ళు కావల్ల" అంది.