పులుసులో దేవిన లేత్ టూల్

ముందే చెబుతున్నాను: ఇందులో ఒక ఇత్తడి దీపం గాలిలో ఎగురుతుంది, గోడ పెచ్చు ఊడుతుంది, ఒక మేక మాత్రం సుఖంగా ఉంటుంది. తప్పు నాదే అంటారందరూ. మీరూ అంటారు. అనండి, నాకేం కొత్త కాదు.

పదేళ్ల కిందట హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనక గదిలో లోహాన్ని గిరగిరా తిప్పి చెక్కే ఒక బుల్లి పాత లేత్ మిషను పెట్టుకున్నాను. కుట్టుమిషను కొంటే ఎవరూ అడగరు. లేత్ కొంటే గల్లీ అంతా వరసకట్టి "ఎందుకు?" అని అడిగింది. "ఇష్టం కాబట్టి!" అని అరిచీ అరిచీ నా గొంతు ఆకురాయిలా తయారైంది.

అందరి నోళ్లూ మూయించే అవకాశం మా అత్తగారి దీపం రూపంలో వచ్చింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి దీపం, ప్రతి శుక్రవారం సాయంత్రం వెలగాల్సిందే. ఎవడో అతుకు వేసి ప్రమిద కింది కాడను లావు చేశాడు, అది దీపస్తంభంలో దిగడం లేదు. లేత్ మీద సన్నగా చేసిస్తానన్నాను.

"మా అవ్వ ఇచ్చిన దీపమది. సొట్ట వడ్డదనుకో, నీ మిషను గల్లీల వెడ్త" అంది అత్తమ్మ.

నా దగ్గరున్న టూల్, అదే లోహాన్ని కోసే ఉక్కు ముక్క, పెద్ద ఫ్యాక్టరీ లేత్‌ది. నా మిషనుకు అది ఎలుకకు ఏనుగు దంతం. యాకుత్‌పురాలో లేత్ పని చేసే ఖాదర్ భాయ్ దగ్గరికి పోయాను. ఆయన కాగితం మీద గీయడు, ముల్లంగి చెక్కి చూపిస్తాడు.

"చూడు బెహన్, అడుగున గింత అరగదియ్యాలె. మొన కింద గిట్ల వాలు. పైన నక్కో, అస్సలు ముట్టకు."

"నేను ఫిజిక్స్ చదివిన భాయ్. వాలు సంగతి నాకు తెల్వదా?"

"ఫిజిక్స్ మంచిదే. ముల్లంగి గూడ తీస్కపో."

వాడిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. తెలివి కాదూ? మర్నాడు చూస్తే అది లేదు. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది.

"అత్తమ్మా! ముల్లంగి ఏది?"

"పులుసు వెట్టిన గదా. ఏందే గా ఒర్రుడు?"

"అది నా టూల్!"

"టూల్ అయితే టూల్ డబ్బాల ఉండాలె. కూరగాయల్ల వెడ్తే కూరగాయే అయితది."

అరగంట లొల్లి. మళ్లీ యాకుత్‌పురా పోయి ఇంకోటి చెక్కించుకుంటే సరిపోయేది. కానీ ఫిజిక్స్ అని వచ్చాక ఏ మొహంతో పోను? గరిటె తీసుకుని పులుసు దేవాను. ఏటవాలుగా, మొనదేలి ఒక ముక్క తేలింది. దొరికింది! కడిగి, తుడిచి, గ్రైండర్ పక్కన పెట్టుకుని రెండు గంటలు ఉక్కును దానిలాగే అరగదీశాను. మొన కిందికి వాలిపోయి ఉంది. ఉడికితే ఏదైనా వాలుతుందని ఫిజిక్స్ చదవని వాళ్లకీ తెలుసు. కానీ నేను కోపంలో ఉన్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నేను దేవిన ముల్లంగికి ఒకటే వంపు!

శుక్రవారం పొద్దున కాడను బిగించి స్విచ్ వేశాను. టూల్ ఇత్తడిని కోయలేదు. కుక్క పిక్క పట్టినట్టు పట్టింది. కాడ ఫట్! ప్రమిద ఎగిరి గోడను గుద్ది, పెచ్చు ఊడగొట్టి, అత్తమ్మ కాళ్ల దగ్గర గిరగిరా తిరిగి పడింది. అరచేతంత సొట్ట.

అత్తమ్మ దీపాన్ని కొంగులో చుట్టుకుని "ఆటో పిలువు" అంది.

శుక్రవారం ఖాదర్ భాయ్ దుకాణం బంద్. నమాజ్ అయ్యాక మా కోసం షట్టర్ ఎత్తాడు. నా టూల్‌ని అటూ ఇటూ తిప్పాడు.

"యే క్యా హై బెహన్? గిది నేను జెక్కిన వాలు గాదు."

"అదే భాయ్! పులుసులకెల్లి తీసిన!"

"పులుసుల ఏసింది నేను బజార్ల కొన్న ముల్లంగి" అంది అత్తమ్మ. "ఫ్రిజ్‌లది ఎలుక కొరికినట్టుంటే పక్కింటోళ్ల మేకకు ఏసిన."

"అప్పుడే చెప్పొద్దా అత్తమ్మా?"

"నువ్వు నోరు మూస్తే గదా నేను తెరిచేది!"

ఖాదర్ భాయ్ నవ్వు కప్పిపుచ్చడానికి దగ్గాడు. సాయంత్రానికి కొత్త కాడ వేసిచ్చాడు, దీపం వెలిగింది. సొట్ట మాత్రం పోలేదు. నా మిషను గల్లీలో పడలేదు కానీ, ఇప్పటికీ ప్రతి శుక్రవారం అత్తమ్మ ఆ సొట్టను సరిగ్గా నా గది వైపు తిప్పి వెలిగిస్తుంది.

ఆ సొట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ముల్లంగిని నమ్మి ఉక్కు ముట్టను. ఖాదర్ భాయ్‌కి కూడా ఖరాఖండిగా చెప్పేశాను, ఇకపై నాకు ఏది చెక్కినా కాకరకాయలోనే చెక్కాలని. మా ఇంట్లో దాన్ని ఎవరూ వండరు. మేకల సంగతి విచారిస్తున్నాను.